మెట్టెక్కిన హాంబర్గ్

దోహా నడిమధ్య ముషైరిబ్‌లో మెట్రో రైళ్ళు ఇంకా కొత్త వాసన వేస్తున్న ఆ రోజుల్లో, నాకు భయపడడం తప్ప మరే పనీ సరిగ్గా వచ్చేది కాదు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ ఒక్క పనినీ అంత శ్రద్ధగా, ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా ఎలా చేశానా అని నాకే ముచ్చటేస్తుంది. చదువైపోయాక హైదరాబాదులో నాలుగు ఆఫీసుల మెట్లెక్కి దిగి, చివరికి మా పిన్నీ బాబాయిల పుణ్యమా అని దోహాలో ఒక జర్మన్ కంపెనీలో చేరాను. బిల్డింగుల డ్రాయింగులకి నంబర్లు వేసి, ఏది ఎవరి దగ్గరికి వెళ్ళిందో, ఏది తిరిగొచ్చిందో చూసుకోవడం నా పని. దానికి డాక్యుమెంట్ కంట్రోలర్ అని గంభీరమైన పేరు. (మా అమ్మ వీధి వీధంతా ‘మా పిల్ల కంట్రోలరు’ అని చెప్పుకుంది. బస్టాండులో కూర్చుని మైకులో బస్సుల పేర్లు చదివే ఉద్యోగానికి దుబాయ్ దాకా వెళ్ళాలా అని పక్కింటావిడ జాలిపడిందట. ఖతర్ అని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకది దుబాయే.) మొదటి ఆరు నెలలూ ప్రొబేషన్. ఆ లోపల పై అధికారికి నచ్చకపోతే వీసా రద్దు చేసి విమానం ఎక్కించేస్తారు. నా పై అధికారి గడియారం మేడమ్.

ఆ పేరు నేను పెట్టింది కాదు, నేను చేరేనాటికే ఆఫీసంతా వాడుకలో ఉంది. యాభై దాటిన జర్మన్ ఆవిడ. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నిట్టాడులా నిలబడేది. మీటింగ్ ఎనిమిదింటికంటే ఎనిమిదింటికి తలుపు వేసేసేది, లోపలున్నవాళ్ళు లోపల, బయటున్నవాళ్ళు బయట. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు. అప్పుడప్పుడూ నా బల్ల దగ్గరికి వచ్చి, ఒక డ్రాయింగు మీద వేలు పెట్టి, “ఇది విన్నావా, చూశావా?” అని అడిగేది. ఎవరో ఫోన్లో చెప్పిన నంబరు వేశావా, కాగితం చూసి వేశావా అని దానర్థం. “విన్నాను మేడమ్” అని నేను గొణిగితే, “చూడు” అని ఒక్కమాట అనేసి వెళ్ళిపోయేది. ఆ ఒక్కమాటకి నాకు ఆ పూట అన్నం సహించేది కాదు.

ఇక మా పిన్ని సంగతి. అల్ హిలాల్‌లో వాళ్ళ ఫ్లాట్‌లోనే నేనూ ఉండేదాన్ని. పిన్ని పుట్టి పెరిగింది గోదావరి జిల్లా మెట్ట ప్రాంతంలో. కాలవ నీళ్ళు ఎక్కని ఎత్తు నేల, వాన కురిస్తే పంట, లేకపోతే లేదు. కింద కాలవల మధ్య, కొబ్బరిచెట్ల నీడన పుట్టిన కోనసీమవాళ్ళు మెట్టవాళ్ళని ఎప్పుడూ పైనుంచి చూస్తారని మా పిన్ని గట్టి నమ్మకం. (పల్లంలో ఉన్నవాళ్ళు పైనుంచి ఎలా చూస్తారు పిన్నీ అని ఒకసారి అడిగి అక్షింతలు వేయించుకున్నాను.) ఆ కోనసీమ మొత్తానికీ దోహాలో ఒకే ఒక ప్రతినిధి ముంతజా అక్కయ్య. అల్ ముంతజాలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. వయసుతో పని లేకుండా తెలుగువాళ్ళందరికీ ఆవిడ అక్కయ్యే. ఏటా దసరాకి ఈ ఇద్దరిళ్ళలోనూ బొమ్మల కొలువు పెట్టేవారు. అంతకు ముందు ఏడాది అక్కయ్య తన కొలువులో గోదావరి రేవు కట్టి, చిన్న మోటారు పెట్టి నిజం నీళ్ళు పారించింది. వెళ్ళిన పేరంటాళ్ళందరూ ఫోటోలు తీసుకున్నారు. మా పిన్ని కూడా నవ్వుతూ ఫోటో దిగింది గానీ, ఇంటికొచ్చాక బాబాయితో సరిగా మాట్లాడలేదు, పాపం ఆయన చేసిందేమీ లేకపోయినా.

ఆ ఏడు దసరా దగ్గర పడుతుండగా ఒక సాయంత్రం పిన్ని సూక్ వాకిఫ్ బజారులో ఏవో కొనుక్కుని, నన్ను కూడా వెంటబెట్టుకు వెళ్దామని మా ఆఫీసు కిందికి వచ్చింది. నా ఖర్మకొద్దీ సరిగ్గా అప్పుడే గడియారం మేడమ్ కూడా బయటికి వచ్చింది. తప్పదు కాబట్టి “మా పిన్ని” అని పరిచయం చేసి, అది అంతటితో ముగిసిపోవాలని ముక్కోటి దేవతలకూ మొక్కుకున్నాను. దేవతలు ఆ రోజు డ్యూటీలో లేరు.

“మేడమ్, యువర్ నేటివ్ ప్లేస్?” అంది పిన్ని.

“హాంబర్గ్.”

ఊరు చెబితే పేట, పేట చెబితే వీధి, వీధి చెబితే ఎవరింటి పక్కన అని అడగడం మా వంశంలో మర్యాద. “హాంబర్గ్‌లో ఎక్కడండీ?” అంది పిన్ని, ఆ చివరి ‘అండీ’తో సహా, ఇంగ్లీషులో.

“మిట్టె” అంది మేడమ్.

పిన్ని ముఖం చేటంత అయింది. “మెట్టా! ఏమే, విన్నావా? మేడమ్ గారిది కూడా మన మెట్టేనటే!” అని నాతో అని, ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుని, “సేమ్ సేమ్! ఐ ఆల్సో మెట్ట!” అంది. గడియారం మేడమ్ ఏం చేయాలో తోచక చేతులు అప్పగించి నిలబడడం నేను అదే మొదటిసారి చూశాను. పిన్ని అక్కడితో ఆగితే పిన్ని ఎందుకవుతుంది? ఈ దసరాకి మా ఇంట్లో బొమ్మలతో మీ ఊరే కడుతున్నాం, శుక్రవారం సాయంత్రం ఆరింటికి పేరంటం, మీరు రాకపోతే ఒప్పుకోను అని సగం ఇంగ్లీషులోనూ సగం చేతులతోనూ చెప్పేసింది. మేడమ్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. “ఆరింటికి వస్తాను” అని ఆవిడ వెళ్ళిపోయింది.

మెట్రోలో నాకు కళ్ళనీళ్ళే తక్కువ. “పిన్నీ, నా ప్రొబేషన్ ఆవిడ చేతిలో ఉంది. ఏదైనా తేడా వస్తే నన్ను పంపించేస్తుంది.”

“అందుకేగా పిలిచింది, పిచ్చిమొహమా! పుట్టిన ఊరు కళ్ళెదురుగా కనపడితే కరగని మనిషుంటుందేంటే? పైగా మెట్ట మనిషి. మెట్టవాళ్ళు పైకి గట్టిగా ఉంటారు గానీ మనసు వెన్న. ముంతజా అక్కయ్యకి ఈ ఏడు దిమ్మ తిరగాల్సిందే.”

ఆ వారమంతా నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. మిట్టె అని వెతికితే ముందు బెర్లిన్‌లో ఒకటి కనిపించింది. ఇంకా కిందికి వెళ్తే ఇంకేదో ఊళ్ళో మరొకటి. జర్మనీలో ఊరికో మిట్టె ఉన్నట్టుందని చెబితే, “చూశావా, మన దగ్గర మాత్రం ఊరికో మెట్ట లేదూ?” అని పిన్ని ఇంకా బలపడింది. హాంబర్గ్ అని కలిపి వెతికితే ఎర్ర ఇటుకల భవనాలు, కోసుగా ఆకాశంలోకి లేచిన చర్చిలు, పెద్ద నది, కాలవలు, ఇళ్ళ పక్కనే ఓడలు కనపడ్డాయి. నీళ్ళు చాలా ఉన్నాయి పిన్నీ అన్నాను. “నది పల్లంలో ఉంటుంది, ఊరు మెట్ట మీద ఉంటుంది. ఫోటోలో ఎత్తూ పల్లం ఏం తెలుస్తాయే?” అంది. అసలు మిట్టె అంటే అర్థం ఏమిటో చూడాలని మాత్రం నాకు ఒక్కసారైనా తోచలేదు. అర్థం మాకు ముందే తెలుసు కదా.

కట్టడానికి జగిత్యాల అన్న వచ్చాడు. బాబాయి కంపెనీలోనే సైటు మీద చెక్కపని చేసేవాడు. లేబర్ క్యాంపు నుంచి శుక్రవారాలు మా ఇంటికి భోజనానికి వచ్చి, తిన్నందుకు ఊరికే ఉండలేక ఏదో ఒకటి బాగుచేసి వెళ్ళేవాడు. కొలువు మెట్లు ఏటా ఆయన చేతి చలవే. ఊరి పేరు చెప్పగానే నవ్వాడు.

“మిత్తా? మిత్తి అంటే వడ్డీ గద చెల్లె! గదేం పేరు ఊరికి?”

“మిత్తి కాదన్నా, మిట్టె. మెట్ట అన్నమాట. ఎత్తు మీద ఉన్న ఊరు.”

“గుట్ట మీది ఊరా? గట్ల చెప్పు మరి. యల్లా, కానిద్దాం.”

అందుకని మొత్తం హాంబర్గ్‌ని మెట్ల మీద కట్టాం. అట్టపెట్టెలకి ఎర్రరంగు వేసి ఇటుకల గీతలు గీసి భవనాలు చేశాం. కింద నేల మీద నీలం కాగితం పరిచి నది చేశాం. జనాభాకి కొండపల్లి బొమ్మలున్నాయి. దాంతో జర్మనీ వీధుల్లో ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కి కల్లు గీస్తున్న మనిషీ వెలిశారు. పై మెట్టు కలశానిది కాబట్టి చర్చిని దాని కింది మెట్టులో, దశావతారాల పక్కన పెట్టి, “ఎవరైతేనేం, దేవుళ్ళకి దేవుళ్ళే తోడు” అంది పిన్ని. చివరికి ఓడ మిగిలింది. జగిత్యాల అన్న చెక్కతో ముద్దుగా చేశాడు దాన్ని. ఫోటోలో ఓడ ఇళ్ళ మధ్యన ఉంది. ఇళ్ళు మెట్ల మీద ఉన్నాయి. కాబట్టి ఓడ కూడా మెట్టెక్కింది.

“గుట్ట మీద ఓడేందమ్మా?” అన్నాడు జగిత్యాల అన్న, చేతిలో సుత్తి అలాగే పట్టుకుని.

“జర్మనీ వాళ్ళు మామూలు ఇంజనీర్లు కాదయ్యా, ఎక్కించుకుంటారు” అంది పిన్ని. ఓడలు బళ్ళవుతాయంటారు గానీ ఓడలు కొండలెక్కుతాయని ఎవరూ అనలేదే అని నాకు లోపల పీకుతూనే ఉంది. అంతలో ఆయనకి ఇంటి నుంచి ఫోను వచ్చింది. “జర్మనీ కడుతున్ననే అవ్వా” అన్నాడు. అవతల వాళ్ళమ్మ గొంతు మా అందరికీ వినపడింది. “గది గూడ దుబాయ్‌లనే ఉన్నదా బిడ్డా?”

శుక్రవారం వచ్చింది. ఆరింటి పేరంటమంటే మనవాళ్ళు ఏడున్నరకి బయల్దేరతారన్న ధైర్యంతో పిన్ని అప్పుడే స్నానానికి వెళ్ళింది. బాబాయీ, జగిత్యాల అన్నా వంటింట్లో శనగలకి తాలింపు పెడుతున్నారు. నేను స్టూలు మీద నిలబడి చర్చికి వంగిన కోసు అతికిస్తున్నాను. పేరంటాళ్ళలో అప్పటికి వచ్చింది ముంతజా అక్కయ్య ఒక్కతే. (సాయం చేద్దామని పెందరాళే వచ్చానంది. ఏ మోటారు పెట్టామో చూడడానికి వచ్చిందని పిన్నికీ తెలుసు, నాకూ తెలుసు.) సరిగ్గా ఆరింటికి బెల్లు మోగింది. గుమ్మంలో గడియారం మేడమ్, చేతిలో పూలగుత్తి. బయట ఉన్న చెప్పుల వరస చూసి, అడక్కుండానే తన బూట్లు విప్పి వాటి పక్కన పద్ధతిగా పెట్టింది.

లోపలికి వచ్చి కొలువు ముందు నిలబడింది. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా, మళ్ళీ పై నుంచి కింది దాకా చూసింది. ఆఫీసులో తప్పు నంబరు దొరికినప్పటి చూపు అది, నాకు బాగా పరిచయమే.

“ఇది ఏ ఊరు?” అంది.

“మీ మిట్టె, మేడమ్.”

“కొండ మీద ఎందుకుంది?”

ఈలోగా తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని పిన్ని పరుగెత్తుకొచ్చింది. “మెట్ట కదండీ! హై ప్లేస్!” అని చెయ్యి పైకెత్తి చూపించింది. మేడమ్ పిన్నిని చూసి, నన్ను చూసి, నెమ్మదిగా చెప్పింది. మిట్టె అంటే మధ్య అట. ఊరి నడిబొడ్డు అని అర్థమట. వాళ్ళ ఊళ్ళో కొండలు కాదు కదా, దిబ్బలు కూడా అరుదట. బల్లపరుపు నేల, ఎటు చూసినా నది, కాలవలు, వంతెనలు. తను పుట్టిందైతే నది రెండు పాయల మధ్య ఉన్న దీవిలోనట, అది కూడా ఇప్పుడు మిట్టె కిందికే వస్తుందట. ఇదంతా నేను తెలుగులో చెబుతూ వచ్చాను. ‘దీవి’ అనే మాట దగ్గర ముంతజా అక్కయ్య కూర్చున్నదల్లా లేచింది.

“నది పాయల మధ్య దీవా? ఆయ్, అంటే లంకండి! లంక గ్రామం! మేడమ్ గారిది మా కోనసీమేనండి బాబూ!”

పిన్ని ముఖం చూడలేకపోయాను. తలకి చుట్టుకున్న తువ్వాలు జారుతున్నా పట్టించుకోకుండా అలాగే నిలబడిపోయింది. నాకైతే విమానం టికెట్టు కళ్ళ ముందు కనపడింది. మేడమ్ నా వైపు తిరిగి, ఊహించినట్టే, “విన్నావా, చూశావా?” అంది. “విన్నాను మేడమ్” అన్నాను. అప్పుడావిడ వేలు నెమ్మదిగా పైకి లేచి ఓడ దగ్గర ఆగింది. “మరి దాన్ని అక్కడికి ఎక్కించింది ఎవరు?”

వంటింటి గుమ్మంలోంచి, చేతిలో గరిటెతో జగిత్యాల అన్న తొంగిచూసి, తను ముందే చెప్పానని తనకి వచ్చిన హిందీలో ప్రాణభయంతో అరిచాడు. “మేడమ్, మై తో పైలేచ్ బోలా!”

మేడమ్ భుజాలు కదిలాయి. దగ్గొచ్చిందేమో అని నేను మంచినీళ్ళకి పరుగెత్తబోయాను. అది దగ్గు కాదు, నవ్వు. చాలాకాలం వాడకుండా ఉంచిన కుళాయి తిప్పితే ముందు గురగురమని, తర్వాత ధారగా వచ్చినట్టు వచ్చింది. గోడకి చెయ్యి ఆనించి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఏనుగుని చూసి నవ్వింది, కల్లు గీసేవాణ్ణి చూసి మళ్ళీ నవ్వింది. ఆ తర్వాత చేతి గడియారం విప్పి పక్కన పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, “యల్లా, ఊరిని కిందికి దింపుదాం” అంది.

కొలువు తీర్చాక కదపకూడదని పిన్ని గొణిగింది. “దేవుళ్ళ మెట్టు కదపొద్దు. ఊరు దిగితే దోషం లేదండి” అని అక్కయ్య అప్పటికప్పుడు శాస్త్రం చెప్పేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగింది. హాంబర్గ్ మొత్తం మెట్లు దిగి హాల్లోకి వచ్చింది. పిన్ని స్టీలు పళ్ళేలు, పులిహోర కలిపే బేసిను, ఆఖరికి బాబాయి కాళ్ళు కడుక్కునే టబ్బు కూడా నీళ్ళతో నిండి నదీ కాలవలూ అయ్యాయి. “ఇటు పాయ, అటు పాయ, మధ్యలో లంక. కాలవ తిప్పడం మాకొకరు నేర్పాలా?” అని అక్కయ్య కాలవలు తిప్పుతుంటే, మేడమ్ ఫోను చూసి వంతెనలు ఎక్కడెక్కడో చెబుతోంది. వంతెనలకి గరిటెలు, అట్లకాడలు పెట్టాం. ఓడ నీళ్ళలో దిగి నిలబడితే జగిత్యాల అన్న, “ఇప్పుడు బతికింది” అని ఊపిరి పీల్చుకున్నాడు. ఏడున్నరకి వచ్చిన పేరంటాళ్ళు పట్టుచీరలతోనే నేల మీద కూర్చుని, తలొక గిన్నె పట్టుకుని నీళ్ళు అందించారు. మా హాల్లో అంత సందడి నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఒక్క మా పిన్నే చేతులు కట్టుకుని గోడవారగా నిలబడింది. నవ్వుతోంది గానీ అది ముంతజా అక్కయ్య ఇంట్లో ఫోటోకి నవ్విన నవ్వు. మేడమ్ ఎప్పుడు గమనించిందో ఏమో, లేచి మూలనున్న చెక్కపీట ఒకటి తెచ్చి, రేవు పక్కన వేసి, దాని మీద నాలుగు భవనాలు పేర్చింది. ఇది రేవు దగ్గర కొత్తగా కట్టిన పేట, వరదలొస్తే మునగకుండా నేలని బాగా ఎత్తు చేసి కట్టారు అని నాతో చెప్పి, పిన్ని వైపు తిరిగి, ఎంతో జాగ్రత్తగా ఒక్కొక్క అక్షరం పలుకుతూ అడిగింది. “దిస్... మెట్ట?”

“మెట్టేనండీ! పక్కా మెట్ట!” అని పిన్ని ఒక్క గంతులో వచ్చి మేడమ్ పక్కన చతికిలబడింది. తువ్వాలు జారి బేసినులో పడింది. ఆ పీటని కాస్త ఎత్తు చాలదని కింద ఇంకో పీట కూడా వేసింది. అక్కయ్య చూసి కూడా ఊరుకుంది.

పేరంటం ముగిశాక పిన్ని ఆవిడకి బొట్టు పెట్టి, తాంబూలంలో రవికల గుడ్డ పెట్టి ఇచ్చింది. (ఇది జేబురుమాలా, టేబుల్ గుడ్డా అని ఆవిడ నన్ను రహస్యంగా అడిగింది. రెండూ కాదని చెప్పాను గానీ ఏమిటో వివరించే ఓపిక లేకపోయింది.) నేను లిఫ్టు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. ఒంటరిగా దొరికాక దాచుకున్న భయమంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. తప్పంతా నాదే మేడమ్, చూడకుండా విన్నదే నమ్మాను, దయచేసి ఇది నా ప్రొబేషన్ లెక్కలోకి తీసుకోకండి అన్నాను.

“ప్రొబేషనా?” అందావిడ. “నువ్వుంటావని పోయిన నెలే చెప్పేశానే. నీకెవరూ చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. నెల రోజులు వృథాగా భయపడ్డానన్నమాట. నోట్లోంచి ఊడిపడినట్టు అడిగేశాను. “మరి మీరు ఎందుకు వచ్చారు మేడమ్?”

ఆవిడ ఆ ప్రశ్న వింతగా ఉన్నట్టు చూసింది. “పిలిచారు కదా” అంది. శనగల పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, “ఈ ఊళ్ళో నాలుగేళ్ళయింది. నన్ను ఇంటికి రమ్మని పిలిచింది మీ పిన్నే” అంది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

లోపల పిన్నీ అక్కయ్యా లంక పెద్దదా మెట్ట పెద్దదా అని మొదలుపెట్టిన గొడవ వరండా దాకా వినపడుతూ ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు ఆఫీసులో నా గది తలుపు దగ్గర కూడా కొత్తగా చేరిన పిల్లలు గుటకలు మింగుతూ నిలబడుతున్నారు. వాళ్ళని చూసినప్పుడల్లా స్టూలు మీద నిలబడి చర్చి కోసు అతికిస్తున్న ఆ పిరికిపిల్ల గుర్తొస్తుంది. దాని దగ్గరికి వెళ్ళి, నువ్వు ఎవరిని చూసి వణుకుతున్నావో ఆ మనిషి మీ ఇంటికి రావడానికి వారమంతా ఎదురుచూసిందే పిచ్చిదానా అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. ఒక్కోసారి ఆ మాటే ఈ పిల్లలకి చెబుదామని నోటి దాకా వస్తుంది. చెప్పను. ఏం లాభం, వీళ్ళలో ఒక్కరూ నన్ను ఇంటికి పిలవరు.